ముందు సీటు, తర్వాత డబ్బు? అమెరికా ప్రైవేటు కాలేజీల ఎయిడ్‌పై అపోహలు - వాస్తవాలు

విశాఖ ద్వారకానగర్‌లో మా గదికి వచ్చే తల్లిదండ్రులు చాలామంది కూర్చోగానే గొంతు తగ్గించి ఒకే మాట అంటారు: "మేడమ్, డబ్బు సాయం కావాలని రాస్తే సీటు ఇవ్వరంట కదా? ముందు సీటు రానివ్వండి, తర్వాత అడుగుదాం." ఇంటర్ అయ్యాక అమెరికా ప్రైవేటు కాలేజీల్లో డిగ్రీకి వెళ్లాలనుకునే పిల్లల దరఖాస్తులు చూడటం నా పని. తక్కువ మార్కుల వల్ల పోయిన అవకాశాల కంటే ఈ ఒక్క మాట వల్ల పోయినవే నేను ఎక్కువ చూశాను.

అపోహ: సీటు వచ్చాక ఎయిడ్ (కాలేజీ ఇచ్చే డబ్బు సాయం) అడగొచ్చు.

వాస్తవం: విదేశీ విద్యార్థి దరఖాస్తులోనే ఎయిడ్ కావాలని చెప్పకపోతే, చాలా కాలేజీలు నాలుగేళ్లలో మళ్లీ అడగనివ్వవు. గాజువాక అమ్మాయి ఒకరు బంధువుల సలహా విని 'అక్కర్లేదు' దగ్గర టిక్ పెట్టింది. సీటు వచ్చింది. ఖర్చు ఏడాదికి 80 వేల డాలర్ల పైమాటే. ఆ ఉత్తరం పట్టుకుని వాళ్ల నాన్నగారు నా ఎదురుగా కూర్చుంటే, ఆయనకు చెప్పడానికి నా దగ్గర దారి లేదు.

అడిగితే సీటు రాదన్న మాటలో కొంత నిజం ఉంది, దాచను. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ లాంటి కొన్నిచోట్ల మాత్రం విదేశీ పిల్లలు ఎయిడ్ అడిగారా లేదా అన్నది సీటు నిర్ణయంలో చూడరు. మిగిలిన చాలా కాలేజీలు చూస్తాయి, అక్కడ పోటీ గట్టిగా ఉంటుంది. అయినా ఫీజు కట్టలేని సీటు వచ్చి ఏం లాభం?

అపోహ: మార్కులు బాగుంటే స్కాలర్‌షిప్ దానంతటదే వస్తుంది.

వాస్తవం: హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ మార్కులను బట్టి స్కాలర్‌షిప్ ఇవ్వవు, ఇంటి పరిస్థితి చూసే ఇస్తాయి. ఇంటి ఆదాయం కాగితాలు పెట్టకపోతే టాపర్‌కైనా రూపాయి రాదు.

అపోహ: ఎఫ్ఏఎఫ్ఎస్ఏ (అమెరికా ప్రభుత్వ సాయానికి పెట్టే ఫారం) నింపితే చాలు.

వాస్తవం: అది అమెరికా పౌరులకూ అక్కడ గ్రీన్‌కార్డు లాంటి అర్హత ఉన్నవాళ్లకూ. మన పిల్లలను చాలా కాలేజీలు సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే, ఇంటి ఆదాయం, ఆస్తుల వివరాలు నింపే ఆన్‌లైన్ ఫారం అడుగుతాయి, అది అక్టోబరు 1న తెరుచుకుంటుంది. కొన్ని కాలేజీలకు వేరే ఫారం ఉంటుంది.

అపోహ: పన్ను లేని ఆదాయం చూపించక్కర్లేదు.

వాస్తవం: చూపించాలి. మన దగ్గర వ్యవసాయ ఆదాయానికి ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు, కానీ సీఎస్ఎస్‌లో పన్ను పడని ఆదాయం గురించి విడిగా అడుగుతారు. అనకాపల్లి వైపు చెరకు రైతుల పిల్లలు వస్తే నేను మొదట అడిగేది బెల్లం అమ్మిన చీటీలు, బ్యాంకు పాస్‌బుక్, పట్టాదారు పాస్‌బుక్. రిటర్నులు వేయని ఇల్లైతే ఆ మాటే రాసి సంతకం చేసి ఇవ్వాలి. పొలం అన్నదమ్ముల ఉమ్మడిదైతే మీ వాటా ఎంతో అంతే రాయండి. తాతగారి డయాలసిస్ ఖర్చు, నాన్నగారి ఉద్యోగం పోవడం లాంటివి రాసుకోవడానికి ఫారంలోనే చోటు ఉంది. సిగ్గుపడి దాన్ని ఖాళీగా వదిలేస్తారు, నాకు చాలా బాధేస్తుంది. మీ ఇంటి కష్టం మీరు చెప్పకపోతే అంత దూరంలో ఉన్నవాళ్లకు ఎలా తెలుస్తుంది?

అంకెలు రూపాయల్లోనే రాయొచ్చు. సున్నాలు మాత్రం ఇద్దరు కూర్చుని లెక్కపెట్టండి. ఒక అబ్బాయి 6 లక్షలకు ఒక సున్నా ఎక్కువ కొట్టాడు, 60 లక్షలైంది. పంపేముందు రోజు రాత్రి వాళ్లమ్మగారు చూడబట్టి సరిపోయింది.

అపోహ: ఎంత ఇస్తామన్నారో అంతే, ఇక మాట్లాడకూడదు.

వాస్తవం: మర్యాదగా అడగొచ్చు. పరిస్థితి మారిందని కొత్త కాగితాలు పెడితే ఎయిడ్ ఆఫీసు మళ్లీ చూస్తుంది, పెంచుతుందన్న హామీ మాత్రం లేదు. ఆ ఈమెయిల్ మీ అబ్బాయో అమ్మాయో సొంతంగా రాయాలి. బతిమాలే మాటలు వద్దు. ఏం మారింది, ఏ నెల నుంచి, ఎన్ని రూపాయలు తగ్గాయి అన్నవి రాసి, కాగితం జతచేసి పంపండి.