ఉన్న జుట్టు ఎంత, కప్పాల్సిన నెత్తి ఎంత

జుట్టు పల్చబడిందని అద్దంలో మొదటిసారి గమనించే నాటికి ఆ చోట దాదాపు సగం వెంట్రుకలు పోయి ఉంటాయి. అంతకు ముందు తేడా తెలియదు. కన్ను వెంట్రుకల్ని లెక్కపెట్టదు, వాటి సందుల్లోంచి నెత్తి చర్మం మీద పడి తిరిగొచ్చే వెలుతురును చూస్తుంది. చర్మం కనిపించనంత కాలం జుట్టు ఒత్తుగానే ఉందనుకుంటాం. కనిపించిన రోజున ఉన్నట్టుండి ఊడిపోయిందని టెన్షన్ పడతాం. హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేసే సర్జన్ అయినా, జుట్టు కత్తిరించే బార్బర్ అయినా పనిచేసేది ఈ వెలుతురు మీదే. ట్రాన్స్‌ప్లాంట్ గురించి వినిపించే మాటల్లో ఏది నమ్మాలో తేల్చుకోవడానికి ఈ సంగతి గుర్తుంటే చాలా ఉపయోగం.

మగవాళ్లలో మామూలుగా వచ్చే బట్టతలకు టోపీ, హెల్మెట్, షాంపూ కారణాలు కావు. టెస్టోస్టిరాన్ హార్మోన్‌ను 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైము డీహెచ్‌టీ అనే మరింత బలమైన హార్మోన్‌గా మారుస్తుంది. నుదుటి పైన, నడినెత్తిన ఉండే కుదుళ్లు కొందరిలో పుట్టుకతోనే ఈ డీహెచ్‌టీకి లొంగే గుణంతో ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న కుదురు రెండు నుంచి ఆరేళ్ల పాటు ఒక వెంట్రుకను పెంచి, మూడు నెలల పాటు విశ్రాంతి తీసుకుని, దాన్ని వదిలేసి కొత్తది మొదలుపెడుతుంది. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం ఈ చక్రంలో భాగమే. డీహెచ్‌టీకి లొంగే కుదురులో మాత్రం ప్రతి విడతకూ ఆ పెరిగే కాలం తగ్గిపోతుంది, కుదురు కుంచించుకుపోతుంది, వచ్చే వెంట్రుక ఇంకాస్త సన్నబడి చివరికి నూగుగా మిగులుతుంది. అందువల్ల ఎన్ని రాలాయన్నది పెద్ద లెక్క కాదు. రాలినచోట మళ్లీ ఎంత మందం వెంట్రుక వస్తోందన్నదే ముఖ్యం.

హార్మోన్ల పాత్రను రుజువు చేసినవాడు జేమ్స్ హామిల్టన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త. యుక్తవయసు రాకముందే వృషణాలు కోల్పోయిన మగవాళ్లకు బట్టతల రావడం లేదని, వాళ్లలో వంశపారంపర్యంగా ఆ గుణం ఉన్నవారికి టెస్టోస్టిరాన్ ఇస్తే జుట్టు ఊడడం మొదలవుతోందని ఆయన 1942లో ప్రచురించారు. హార్మోన్ ఒక్కటీ చాలదు, వారసత్వం ఒక్కటీ చాలదు, రెండూ కలవాలి. తల్లి వైపు తాతకు బట్టతల ఉంటే మనవడికీ వస్తుందన్న మాటలో కొంతే నిజం. హార్మోన్‌ను అందుకునే గ్రాహకపు జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, అది తల్లి నుంచే వస్తుంది. కానీ 50 వేల మందికి పైగా బ్రిటన్ పురుషుల జన్యువులను పరిశీలించి 2017లో వెలువరించిన అధ్యయనంలో బట్టతలతో సంబంధమున్న ప్రాంతాలు 280కి పైగా బయటపడ్డాయి. వాటిలో ఎక్కువ భాగం ఎక్స్ మీద లేవు. తండ్రి వైపు వాళ్లను కూడా చూడాల్సిందే.

తల వెనక, చెవుల పైన ఉండే జుట్టు సంగతి వేరు. పూర్తిగా బట్టతల వచ్చినవాళ్లకు కూడా ఆ పట్టీ మిగులుతుంది. న్యూయార్క్‌కు చెందిన చర్మవైద్యుడు నార్మన్ ఒరెంట్రైక్ 1950ల్లో ఒక ప్రశ్న వేసుకున్నారు. ఈ కుదురును తీసి బట్టతల మీద నాటితే, అది కొత్త చోటి గుణం తెచ్చుకుంటుందా, పాత చోటి గుణమే నిలుపుకుంటుందా? పాత గుణమే నిలుస్తుందని తేలింది. ఆయన 1959లో దీన్ని ప్రచురించారు. ఈనాటి ట్రాన్స్‌ప్లాంట్ అంతా ఆ ఒక్క ఫలితం మీదే నిలబడి ఉంది. నిజానికి జపాన్‌లో షోజి ఒకుడా అనే వైద్యుడు 1939లోనే, కాలిన మచ్చల మీద జుట్టు మొలిపించడానికి ఇలాంటి పద్ధతిని వివరంగా రాశారు. యుద్ధం వల్ల ఆ పని బయటి ప్రపంచానికి చేరలేదు. ఇంత మంచి పని అన్నేళ్లు మరుగున ఉండిపోవడం తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఒరెంట్రైక్ కాలంలో నాలుగు మిల్లీమీటర్ల గుండ్రటి చర్మపు ముక్కలు తీసి నాటేవారు. ఒక్కో ముక్కలో పది, పదిహేను వెంట్రుకలు గుత్తిగా ఉండేవి. చూడ్డానికి బొమ్మకు కుట్టిన జుట్టులా కనిపించేది. ఆ తర్వాత తెలిసిందేమంటే, నెత్తి మీద వెంట్రుకలు విడివిడిగా మొలవవు, ఒకటి నుంచి నాలుగు కలిసి చిన్న జట్లుగా మొలుస్తాయి. 1980ల చివర బాబీ లిమ్మర్ అనే సర్జన్ మైక్రోస్కోప్ కింద ఈ జట్లను దెబ్బ తినకుండా విడదీయడం మొదలుపెట్టాక నాటిన జుట్టు సహజంగా కనిపించసాగింది. గ్రాఫ్ట్ అని ఇప్పుడు క్లినిక్‌లలో అంటున్నది ఈ జట్టునే. తల వెనక నుంచి సన్నటి చర్మపు పట్టీ కోసి, కుట్టేసి, పట్టీలోంచి గ్రాఫ్ట్‌లు విడదీస్తే అది ఎఫ్‌యూటీ. ఒక మిల్లీమీటరు లోపు వెడల్పున్న గొట్టం లాంటి పరికరంతో ఒక్కో జట్టునూ నేరుగా తీస్తే అది ఎఫ్‌యూఈ. మొదటిదానికి ఒక పొడవాటి గీత మచ్చగా మిగులుతుంది, రెండోదానికి వందలూ వేలూ చిన్న చుక్కలు మిగులుతాయి. మచ్చే ఉండదని ఎవరైనా చెబితే ఆ మాట నిజం కాదు.

ఇక లెక్కలోకి వద్దాం. చాలామంది ఈ లెక్క వేసుకోకుండానే ఆపరేషన్ టేబుల్ ఎక్కుతున్నారు. పుట్టుకతో ఉండే జుట్టు చదరపు సెంటీమీటరుకు దాదాపు 80 జట్ల చొప్పున ఉంటుంది. బట్టతల బాగా ముదిరిన తలలో ఖాళీ అయిన చోటు సుమారు 200 చదరపు సెంటీమీటర్లు. అంటే పోయినవి దాదాపు 16,000 జట్లు. వెనక భాగం పల్చబడిపోకుండా జీవితం మొత్తంలో తీయగలిగినవి, జుట్టు బాగా ఉన్నవాళ్లలో కూడా 6,000 దాకా. వాటిని అంతటా సమానంగా పరిస్తే చదరపు సెంటీమీటరుకు 30 వస్తాయి. చాలీచాలని దుప్పటి పరిస్థితి ఇది, తల కప్పితే కాళ్లు బయటపడతాయి. ట్రాన్స్‌ప్లాంట్ కొత్త వెంట్రుకను పుట్టించదు, ఉన్నదాన్నే ఒక చోటి నుంచి ఇంకో చోటికి తెస్తుంది. కుదుళ్లను ప్రయోగశాలలో పెంచే ప్రయత్నాలు ఏళ్లుగా సాగుతున్నా, అవి ఇంకా చికిత్సగా మారలేదు.

మరి ఇంత తక్కువతో తల నిండినట్టు ఎలా కనిపిస్తుంది? ఇక్కడే మంచి సర్జన్ పనితనం తెలుస్తుంది. సగం సాంద్రతకే కన్ను మోసపోతుంది గనుక, చూసేవాళ్ల దృష్టి ముందుగా పడే నుదుటి పై భాగంలో చదరపు సెంటీమీటరుకు 35, 40 చొప్పున నాటి, వెనక్కి వెళ్లే కొద్దీ పల్చన చేస్తారు. ముందు వరసల్లో ఒంటి వెంట్రుకల గ్రాఫ్ట్‌లే వాడతారు. రెండు మూడు ఉన్నవి ఆ వెనక వస్తాయి. నుదుటి గీత తిన్నగా ఉండకూడదు, సహజమైన గీతలో ఎప్పుడూ వంకరలూ, చెదిరిన వెంట్రుకలూ ఉంటాయి. వెంట్రుక చర్మానికి నిటారుగా కాక ముందుకు వాలి ఉండాలి, అప్పుడే ఒకదాని మీద ఒకటి పడి చర్మాన్ని కప్పుతుంది. నడినెత్తిన సుడి ఉన్నచోట కథ తిరగబడుతుంది. అక్కడ వెంట్రుకలు ఒక కేంద్రం నుంచి అన్ని వైపులకూ విడిపోతాయి, ఒకదాన్నొకటి కప్పవు. ఎన్ని గ్రాఫ్ట్‌లు పోసినా ఆ చోటు మింగేస్తూనే ఉంటుంది. జాగ్రత్తగల సర్జన్లు సుడిని చివరికి వదిలేయడానికి కారణం ఇదే.

వెంట్రుక మందం కూడా చాలా తేడా చేస్తుంది. 60 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వెంట్రుకకూ 80 మైక్రాన్ల వెంట్రుకకూ అడ్డుకోత వైశాల్యంలో దాదాపు 1.8 రెట్ల తేడా ఉంది. వంకీల జుట్టు తిన్నటి జుట్టు కన్నా ఎక్కువ కప్పుతుంది. చర్మం రంగుకూ జుట్టు రంగుకూ తేడా ఎంత తక్కువ ఉంటే పల్చదనం అంత తక్కువ కనిపిస్తుంది. అందువల్ల ఒకరికి 2,000 గ్రాఫ్ట్‌లతో వచ్చిన ఫలితం ఇంకొకరికి 3,000తో కూడా రాకపోవచ్చు. పక్కవాళ్ల ఫొటో చూసి సంఖ్య అడగడం వల్ల పెద్దగా లాభం లేదు.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల కుర్రాళ్ల సంగతి. వాళ్ల బట్టతల ఇంకా మొదటి దశలోనే ఉంటుంది. చిన్నప్పటి ఫొటో చూపించి అదే నుదుటి గీత కావాలని అడుగుతారు. అడిగినట్టే చేసేసే క్లినిక్‌లు ఉన్నాయి. నాటిన గీత ఉన్నచోటే ఉంటుంది, దాని వెనక సొంత జుట్టు మాత్రం ఊడుతూ పోతుంది. పదేళ్లకు ముందు ఒక కంచె, వెనక ఖాళీ మైదానం మిగులుతాయి. ఆ ఖాళీని నింపడానికి వెనక నిల్వ కూడా అప్పటికి అయిపోయి ఉండొచ్చు. ఈ వయసులో తొందరపెట్టే డాక్టర్ కన్నా, రెండేళ్లు మందులు వాడి చూద్దాం, అప్పుడు మాట్లాడుకుందాం అనే డాక్టర్ని నమ్మమని గట్టిగా చెబుతాను. ఆపరేషన్‌లో గ్రాఫ్ట్‌లు తీసేదెవరు, రంధ్రాలు చేసేదెవరు, డాక్టరా, టెక్నీషియన్లా అని కూడా ముందే అడగాలి.

మందుల్లో నిలబడినవి రెండు. ఫినాస్టరైడ్, టెస్టోస్టిరాన్‌ను డీహెచ్‌టీగా మార్చే ఎంజైమును అడ్డుకుని రక్తంలో డీహెచ్‌టీని దాదాపు 70 శాతం తగ్గిస్తుంది. డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టుకతోనే ఈ ఎంజైము లోపం ఉన్న కుటుంబాల గురించి 1974లో వచ్చిన పరిశోధన ఈ మందుకు దారి చూపింది. ఆ కుటుంబాల్లోని మగవాళ్లకు బట్టతల రాలేదు. 1997లో అమెరికాలో జుట్టు కోసం ఒక మిల్లీగ్రాము మాత్రగా అనుమతి వచ్చింది. కొద్దిమందిలో లైంగిక కోరిక తగ్గడం, అంగస్తంభన ఇబ్బందులు, మనసు కుంగిపోవడం కనిపిస్తాయి గనుక డాక్టర్‌తో మాట్లాడే మొదలుపెట్టాలి. మినాక్సిడిల్ మొదట రక్తపోటు మాత్ర. వాడినవాళ్లకు ఒంటి మీద వెంట్రుకలు పెరగడం చూసి పైపూతగా మార్చారు. మొదటి వారాల్లో జుట్టు ఇంకా రాలినట్టు అనిపిస్తుంది, అది పాత వెంట్రుకలు చోటివ్వడమే. రెండు మందుల్లో ఏది ఆపినా నెలల్లోనే లాభం పోతుంది. ఇంట్లో పిల్లులుంటే మినాక్సిడిల్ పూసిన తలను, చేతుల్ని వాటికి దూరంగా ఉంచండి, అది పిల్లులకు విషం.

జుట్టు ఊడడమంతా బట్టతల కాదని కూడా గుర్తుంచుకోవాలి. పెద్ద జ్వరం, ఆపరేషన్, ఉన్నట్టుండి బరువు తగ్గడం లాంటివాటి తర్వాత రెండు మూడు నెలలకు తల నిండా జుట్టు రాలి, ఆపై తనంతట తానే తిరిగొస్తుంది. బిళ్లల్లా గుండ్రంగా ఊడితే అది శరీరపు రక్షణ వ్యవస్థ కుదుళ్ల మీద చేస్తున్న దాడి. అది చురుగ్గా ఉండగా నాటిన వెంట్రుకలు కూడా పోతాయి.

ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు ఓపిక కావాలి. నాటిన వెంట్రుకలు రెండు నుంచి ఆరు వారాల్లో రాలిపోతాయి, కుదురు లోపలే ఉంటుంది. ఈ సంగతి తెలియక డబ్బు, జుట్టు రెండూ పోయాయని ఏడ్చినవాళ్లున్నారు. మూడు నాలుగు నెలలకు మొలకలు కనిపిస్తాయి, పూర్తి రూపం రావడానికి ఏడాది పడుతుంది, నడినెత్తికి ఇంకా ఎక్కువ.

కత్తెర సంగతికి వస్తే, చాలామంది చేసే పని పొడవు పెంచి కప్పుకోవడం. పొడవు వల్ల బరువు పెరిగి వెంట్రుకలు గుత్తులుగా విడిపోతాయి, సందుల్లో చర్మం మెరుస్తుంది. పక్కల ఒత్తుగా, పైన పల్చగా ఉన్నప్పుడు ఆ రెంటి మధ్య తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పక్కల్ని మెషిన్‌తో బాగా పొట్టిగా తీయించి, పైన కాస్త పొడవు ఉంచితే ఆ తేడా తగ్గుతుంది. ముందు గీత వెనక్కి వెళ్లినవాళ్లకు జుట్టును ముందుకు దువ్వి నుదుటి మీద చిన్నగా, చెదిరినట్టు వదిలేసే కట్ బాగుంటుంది. పాపిడి గీత చర్మాన్ని బయటపెడుతుంది గనుక మానేయడం మేలు. జెల్, నూనె వెంట్రుకల్ని తడిపి అతికిస్తాయి, మెరుపునిస్తాయి. వాటి బదులు మెరుపు లేని క్లే, పౌడర్ వాడితే వెంట్రుకలు విడివిడిగా లేచి నిలుస్తాయి. కెరటిన్ ఫైబర్లు చల్లుకుంటే సన్నటి పోగులు వెంట్రుకలకు అంటుకుని మందం పెంచుతాయి. కాకపోతే పట్టుకోవడానికి కొంత జుట్టు ఉండాలి, వానకూ చెమటకూ నిలవవు.

నడినెత్తి బాగా ఖాళీ అయ్యాక నా ఓటు మెషిన్‌కే. ఒకే పొడవు, వీలైనంత పొట్టి. గొరిగితే మందంగా వస్తుందన్న నమ్మకాన్ని మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శాస్త్రవేత్త 1928లోనే కొలిచి చూసి కాదన్నారు, దానికోసం ఎవరూ గొరిగించుకోనక్కర్లేదు. రూపు మారడం కోసం చేయించుకోవచ్చు. వార్టన్ బిజినెస్ స్కూల్‌లో ఆల్బర్ట్ మానెస్ 2012లో ప్రచురించిన ప్రయోగాల్లో, అవే ముఖాల ఫొటోల్లో జుట్టు తీసేసి చూపిస్తే వాళ్లు ఎక్కువ అధికారం ఉన్నవాళ్లుగా, కాస్త పొడుగ్గా, బలంగా అనిపించారు. గడ్డం కాస్త ఉంచితే ముఖానికి కింద బరువు వచ్చి ఇంకా నప్పుతుంది. జుట్టు లేని చర్మం ఎండకు తట్టుకోదు, బయటికి వెళ్తే టోపీ గానీ సన్‌స్క్రీన్ గానీ తప్పనిసరి.

ట్రాన్స్‌ప్లాంట్, పొట్టి కట్ అనే ఈ రెండు దారుల్లో ఏది ముందు అన్నది చిన్న విషయం కాదు. ఎఫ్‌యూటీ గీత ఉన్నవాళ్లు తర్వాత ఎప్పుడైనా గుండు చేయించుకోవాలనుకుంటే మచ్చ బయటపడుతుంది. దాన్ని చుక్కల పచ్చబొట్టుతో కప్పొచ్చు గానీ, ఆ రంగు కొన్నేళ్లకు వెలిసి మళ్లీ వేయించుకోవాల్సి వస్తుంది. ఎఫ్‌యూఈలో గ్రాఫ్ట్‌లు తీసే ముందు ఎలాగూ చాలాసార్లు తలంతా మెషిన్‌తో తీసేస్తారు. ఆ కట్‌నేదో ఆపరేషన్ తేదీ ఖరారు చేయకముందే ఒకసారి చేయించుకుని, రెండు మూడు వారాలు అలాగే ఆఫీసుకు, పెళ్లిళ్లకు వెళ్లి చూడండి. నచ్చకపోతే నెలకు ఒక సెంటీమీటరు చొప్పున తిరిగొస్తుంది, డాక్టర్‌తో అపాయింట్‌మెంట్ అప్పుడు తీసుకోవచ్చు.