కామెడీ క్లిప్పులతో ఇంగ్లీషు: అపోహలు - వాస్తవాలు

అమలాపురంలో మా మేడ మీద గదిలో పన్నెండేళ్లుగా స్పోకెన్ ఇంగ్లీషు చెబుతున్నాను. నర్సింగ్ చదివే పిల్లలు, కువైట్ వీసా కోసం ఎదురుచూసేవాళ్లు, భీమవరం వైపు రొయ్యల కంపెనీల్లో ఇంటర్వ్యూలకి వెళ్లేవాళ్లు వస్తుంటారు. ఇంగ్లీషు టీవీ కామెడీ ముక్కలు వేసి పాఠం చెబుతానని తెలిశాక అందరూ అడిగేవి ఇవే.

అపోహ: రోజూ రెండు గంటలు చూస్తే చాలు, ఇంగ్లీషు దానంతటదే వచ్చేస్తుంది.

రాదండీ. బొమ్మ చూసి నవ్వేస్తాం, మాట చెవి పక్కనుంచి పోతుంది. నా క్లాసులో ఒక సాయంత్రానికి నలభై సెకన్ల క్లిప్పు ఒక్కటే. మొదట అక్షరాలేవీ లేకుండా రెండుసార్లు వింటాం, తర్వాత ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో ఒకసారి, ఆ తర్వాత ఒక్కో వాక్యం దగ్గర ఆపి అందరం పైకి అంటాం. తెలుగు సబ్‌టైటిల్స్ మాత్రం పెట్టను, కళ్లు తెలుగు చదవడం మొదలుపెడితే చెవులు పని మానేస్తాయి. కామెడీయే ఎందుకంటే, 1994 నుంచి 2004 దాకా వచ్చిన ఫ్రెండ్స్ అనే అమెరికా కామెడీ సీరియల్ లాంటివి ఎక్కువగా స్టూడియోలో జనం ఎదుటే తీశారు, జనం నవ్వుతున్నంతసేపూ నటులు ఆగుతారు. విన్న మాటని లోపల ఒకసారి అనుకోవడానికి ఆ కాస్త టైము మనకి దొరుకుతుంది.

అపోహ: వాళ్లు మరీ స్పీడుగా మాట్లాడతారు, మనకి అందదు.

నన్నడిగితే అసలు కష్టం స్పీడు కాదు, మాటలు కలిపేయడం. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, అందుకే మనం బస్‌ని బస్సు, రోడ్‌ని రోడ్డు చేసుకున్నాం, ఇంగ్లీషులో కూడా ఒక్కో మాట అలా విడివిడిగా వినపడుతుందనుకుంటాం. వాళ్లేమో ముందు మాట చివరి హల్లుని పక్క మాట అచ్చుకి అతికించేస్తారు. ‘పిక్ ఇట్ అప్’ అని బోర్డు మీద రాస్తే క్లాసంతా తెలుసండీ అంటారు, అదే క్లిప్పులో ‘పికిటప్’ అని వినపడగానే ఒక్కరూ పట్టుకోలేరు. మనం మాత్రం ‘ఏం చేస్తున్నావు’ అని రాసి ‘ఏంజేత్తన్నావ్’ అనట్లేదా? బయటి ఊరి నుంచి కోనసీమకి కొత్తగా వచ్చినవాళ్లకి మన మాటా స్పీడుగానే ఉంటుంది. ఈ పోలిక చెప్పాక పిల్లల్లో టెన్షన్ తగ్గడం ప్రతి బ్యాచ్‌లోనూ చూస్తున్నాను.

అపోహ: కష్టమైన పదాల లిస్టు బట్టీ పడితేనే టీవీ అర్థమవుతుంది.

2009లో స్టువర్ట్ వెబ్, మైఖేల్ రోడ్జర్స్ అనే ఇద్దరు పరిశోధకులు 88 టీవీ కార్యక్రమాల్లోని మాటలు లెక్కగట్టారు. పేర్లూ ఊర్లూ పక్కన పెడితే, బాగా వాడుకలో ఉన్న 3000 పదాలు, వాటి రూపాలు తెలిస్తే సుమారు 95 శాతం మాటలు తెలిసినట్టే. నిజానికి దెబ్బ కొట్టేవి తెలుసనుకున్న మాటలే. మన పిల్లలు ‘పాస్డ్ ఔట్ ఇన్ 2021’ అంటారు, చదువు పూర్తయిందని. ఆ క్లిప్పుల్లో పాస్డ్ ఔట్ అంటే స్పృహ తప్పి పడిపోవడం! రేపు వార్డులో నిలబడాల్సిన నర్సింగ్ అమ్మాయికి ఈ తేడా తెలిసి తీరాలి.

యాక్సెంట్ గురించి ఒక్క మాట. అమెరికా వాళ్లలా పలకక్కర్లేదు, ఎదుటివాళ్లకి అర్థమైతే చాలు.

అపోహ: క్లిప్పులో విన్న మాట ఎక్కడైనా వాడేయొచ్చు.

నాకు బాగా భయం దీంతోనే. స్నేహితులు ఏదైనా వింత చెబితే క్లిప్పుల్లో ‘షటప్!’ అంటారు. తిట్టు కాదు, మనం ‘ఊరుకో!’ అంటామే, సరిగ్గా అదే. కిందటేడు ఒకమ్మాయి ఇది తెగ నచ్చి నేర్చుకుంది. మాక్ ఇంటర్వ్యూలో నేను జీతం ఎక్కువ చెప్పి చూశాను, కళ్లు పెద్దవి చేసి ‘షటప్ సర్!’ అంది. తప్పు తనది కాదు, ఆ మాట ఎవరితో అనొచ్చో నేనే చెప్పలేదు. మనం ‘ఊరుకోండి’ అని ఒక్క అండీ తగిలిస్తే పెద్దవాళ్లతోనూ చెల్లుతుంది. ఇంగ్లీషులో అలా ప్రతి మాటకీ తగిలించుకునే అండీ లేదు, సర్ అని చేర్చినా షటప్ మెత్తబడదు, వాక్యమే మార్చుకోవాలి. ‘రియల్లీ?’ అనాలి, సాయం అడగాలంటే ‘కుడ్ యూ’తో మొదలుపెట్టాలి.

అప్పటి నుంచి మా నోటుబుక్కులో మాట, అర్థం పక్కన ‘ఎవరితో’ అని మూడో గడి గీయిస్తున్నాను. షటప్ పక్కన ఆ గడిలో తను రాసుకుంది: ‘అండీ అనని వాళ్లతోనే.’