నాలుగో చుట్టు ఎప్పుడు తప్పనిసరైంది?

"క్వాడ్ అంటే మా షూసే కద మామా?" అని అడిగాడు మా అక్క కొడుకు. వాడికి పదకొండేళ్లు. నల్గొండలో రోజూ సాయంత్రం సిమెంటు కోర్టు మీద స్కేటింగ్ నేర్చుకుంటున్నాడు. వాడు అన్నదాంట్లో తప్పేం లేదు. మన దగ్గర రోలర్ స్కేటింగ్ పోటీల్లో ముందు రెండు, వెనక రెండు చక్రాలున్న షూస్‌ని క్వాడ్ అంటారు. చక్రాలన్నీ ఒకే వరసలో ఉంటే ఇన్‌లైన్. ఆ రోజు ఫోన్‌లో ఐసు మీద స్కేటింగ్ చూస్తున్నాం. కామెంటేటర్ మాటిమాటికీ క్వాడ్, క్వాడ్ అంటున్నాడు, ఆడుతున్న కుర్రాడి కాళ్లకేమో చక్రాలే లేవు. ఈ క్వాడ్ వేరురా, గాల్లోకి ఎగిరి నాలుగు చుట్లు తిరిగి, వెనక్కి జారుతూ ఒంటికాలి మీద దిగాలి అని చెప్పాను. వెంటనే రెండో ప్రశ్న వచ్చింది: "అది రాకుంటే గెలవరా?"

ఒక్క మాటలో చెప్పలేకపోయాను. ఎందుకంటే ఈ ప్రశ్నకు 1988లో ఒక జవాబుంది, 2010లో ఇంకొకటి, ఇవాళ మరొకటి.

ముందు ఆ గెంతు సంగతి చూద్దాం. మగవాళ్ల స్కేటింగ్‌లో గెంతులు ముఖ్యంగా ఆరు రకాలు: టో లూప్, సాల్కో, లూప్, ఫ్లిప్, లట్జ్, యాక్సెల్. చక్రాల మీద చేసే ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లోనూ ఇవే పేర్లు వినిపిస్తాయి. 2010 ఆసియా క్రీడల్లో ఆ విభాగంలోనే కాంస్యం తెచ్చిన హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామా మావాడికి హీరో. యాక్సెల్ ఒక్కదానికే ముఖం ముందుకు పెట్టి లేస్తారు కాబట్టి అర చుట్టు అదనంగా పడుతుంది. క్వాడ్ యాక్సెల్ అంటే నాలుగున్నర చుట్లన్నమాట. ఇదంతా అయ్యేది దాదాపు 0.7 సెకన్లలో. వీడియో ఆపి ఆపి మావాడికి చూపించాను. బ్లేడు ముందు పళ్లు ఐసులో దిగగానే ఐస్ గోలా బండి మీద తురుము లేచినట్టు తెల్లటి పొడి లేస్తుంది. మరుక్షణం రెండు చేతులూ ఛాతీకి అతుక్కుపోయి, మనిషి సన్నటి కదురులా మారిపోతాడు. మళ్లీ నేలకు వచ్చేటప్పుడు ఒంటి బరువుకు అయిదు రెట్లకు పైగా భారం ఆ ఒక్క కాలి మీద, నాలుగైదు మిల్లీమీటర్ల మందమే ఉండే బ్లేడు మీద పడుతుంది.

హుజూర్‌నగర్, మిర్యాలగూడ వైపు ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు తెలుసు. అక్కడ వాదనకు చోటు తక్కువ. టైం అయిపోగానే టేపు పెట్టి బండ ఎన్ని అడుగులు కదిలిందో కొలుస్తారు. స్కేటింగ్‌లో అలా కుదరదు. ఎంత కష్టమైనది చేశాడు, ఎంత అందంగా చేశాడు అనే రెండూ ఒకే తక్కెడలో తూగాలి. క్వాడ్ గొడవంతా ఈ తక్కెడ దగ్గరే మొదలైంది.

1988 మార్చి 25న బుడాపెస్ట్ ప్రపంచ పోటీల్లో కెనడా కుర్రాడు కర్ట్ బ్రౌనింగ్ క్వాడ్ టో లూప్ దిగాడు. పోటీలో అధికారికంగా ఒప్పుకున్న మొదటి క్వాడ్ అదే. అంతకు రెండేళ్ల ముందు చెకోస్లొవేకియాకు చెందిన యోజెఫ్ సబోవ్‌చిక్ యూరప్ పోటీల్లో దిగినా, రెండో కాలు ఐసుకు తగిలిందని తర్వాత దాన్ని కొట్టేశారు. మరి చరిత్ర సృష్టించిన బ్రౌనింగ్‌కు ఆ రోజు వచ్చిన స్థానం? ఆరు. గెలిచింది అమెరికా స్కేటర్ బ్రయన్ బొయిటానో. అప్పట్లో జడ్జీలు 6.0కి ఇన్ని అని మార్కులు వేసేవారు. ఫలానా గెంతుకు ఇన్ని పాయింట్లు అనే పట్టికే లేదు. 1994లో రష్యా స్కేటర్ అలెక్సీ ఉర్మనోవ్ క్వాడ్ లేకుండానే ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు.

తర్వాతి ఎనిమిదేళ్లలో పరిస్థితి మారిపోయింది. 1998 నగానోలో ఇల్యా కులిక్ క్వాడ్‌తో గెలిచాడు. 2002 సాల్ట్ లేక్ సిటీకి వచ్చేసరికి పతకాలు తీసుకున్న ముగ్గురి దగ్గరా క్వాడ్‌లున్నాయి. పోటీ రెండు రోజులు: మొదటి రోజు చిన్న ప్రోగ్రాం, రెండో రోజు ఫ్రీ స్కేట్ అనే పెద్ద ప్రోగ్రాం. ఒక్క ఫ్రీ స్కేట్‌లో మూడు క్వాడ్‌లు దిగిన టిమొతీ గేబెల్‌కు మాత్రం కాంస్యమే దక్కింది. స్వర్ణం అలెక్సీ యగూడిన్‌ది. క్వాడ్‌ల లెక్క ఒక్కటే చాలదని అప్పుడే తేలిపోయింది.

అదే ఒలింపిక్స్‌లో జంటల విభాగంలో జడ్జీల మీద పెద్ద దుమారం రేగింది. దాని దెబ్బకు 6.0 పద్ధతే పోయింది. 2004 నుంచి కొత్త పద్ధతి. ప్రతి గెంతుకూ ఒక ధర, చేసిన తీరును బట్టి దానికి కొంత కలపడమో తీసేయడమో, వీటికి తోడు కళ, నైపుణ్యాలకు వేరే మార్కులు. అక్కడి నుంచి మావాడి ప్రశ్న కూడికలు, తీసివేతల్లో పడింది.

కూడి చూసుకున్న కోచ్‌లకు 2008 ప్రాంతంలో ఒక సంగతి తేటతెల్లమైంది. క్వాడ్ టో లూప్ విలువ 9.8 పాయింట్లు, ట్రిపుల్ (మూడు చుట్ల) టో లూప్ విలువ 4. క్వాడ్‌లో పావు చుట్టుకు మించి తగ్గితే దాన్ని ట్రిపుల్‌గానే లెక్క కట్టేవారు. పైగా సరిగా చేయలేదని మళ్లీ కోత. మూడున్నర చుట్లు తిరిగి వచ్చినవాడికి, హాయిగా మూడు చుట్లు తిరిగినవాడి కంటే తక్కువ వచ్చేది. ఇక ఎవరు సాహసిస్తారు? 2008లో జెఫ్రీ బటిల్, 2009లో అమెరికా స్కేటర్ ఇవాన్ లైసాచెక్ క్వాడ్ లేకుండా ప్రపంచ విజేతలయ్యారు.

2010 వాంకూవర్ ఒలింపిక్స్ దగ్గర కాస్త ఆగాలి. రష్యా వీరుడు ఎవ్జెనీ ప్లుషెంకో రెండు రోజులూ క్వాడ్-ట్రిపుల్ కాంబినేషన్, అంటే క్వాడ్ దిగిన వెంటనే ట్రిపుల్, దిగాడు. లైసాచెక్ ఒక్క క్వాడ్ కూడా చేయలేదు. మొదటి రోజు ప్లుషెంకోకు 90.85, లైసాచెక్‌కు 90.30. రెండో రోజు కళ, నైపుణ్యాల మార్కులు ఇద్దరికీ సరిసమానంగా 82.80 వచ్చాయి. తేడా వచ్చింది టెక్నికల్ మార్కుల్లో. చిత్రమేమిటంటే అందులో కూడా క్వాడ్ లేని లైసాచెక్‌దే పైచేయి: 84.57కు 82.71. ప్రోగ్రాం రెండో సగంలో చేసే గెంతుకు పది శాతం అదనం ఉండేది. లైసాచెక్ ఎక్కువ గెంతులు అక్కడికి జరిపాడు, దిగిన ప్రతిదీ శుభ్రంగా దిగాడు. ప్లుషెంకో కొన్ని గెంతులు గాల్లో ఒరిగిపోయి, ఎలాగోలా నిలదొక్కుకుని దిగినవి. చివరికి 257.67, 256.36. తేడా 1.31 పాయింట్లు. క్వాడ్ లేకుండా ఒలింపిక్ విజేత ఏమిటని ప్లుషెంకో బహిరంగంగానే మండిపడ్డాడు.

నా మటుకు నాకు జడ్జీలు ఆ రోజు తప్పు చేశారనిపించదు. చేతిలో ఉన్న రూల్‌ ప్రకారమే మార్కులు వేశారు. తప్పంతా ఆ రూల్‌ది. ఆటలో అన్నిటికంటే కష్టమైన పనికి తెగించినవాడికి, పావు చుట్టు తగ్గితే ఏమీ మిగలకుండా చేసే లెక్క న్యాయమైంది కాదు.

అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య కూడా అది గ్రహించినట్టుంది. ఆ ఏడాదే క్వాడ్ టో లూప్ విలువ 10.3కి పెంచింది. పావుకు మించి, సగానికి లోపు తగ్గిన గెంతుకు 70 శాతం విలువ ఇవ్వడం మొదలుపెట్టింది. ఫలితం ఒక్క సీజన్‌లోనే కనబడింది. 2010 ప్రపంచ పోటీల్లో క్వాడ్ లేకుండా రెండో స్థానంలో నిలిచిన కెనడా స్కేటర్ పాట్రిక్ చాన్, 2011లో క్వాడ్‌లతో వచ్చి ప్రపంచ విజేతగా నిలిచాడు.

ఇక పరుగే పరుగు. 2011లో బ్రాండన్ మ్రోజ్ క్వాడ్ లట్జ్, 2016లో షోమా ఉనో క్వాడ్ ఫ్లిప్, అదే ఏడాది జపాన్ స్కేటర్ యుజురు హన్యు క్వాడ్ లూప్ దిగారు. 2017 అమెరికా జాతీయ పోటీల్లో నేథన్ చెన్ ఒక్క ఫ్రీ స్కేట్‌లో అయిదు క్వాడ్‌లు దిగాడు.

2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌ని నేను మావాడికి కథలా చెప్పాను. చెన్ మొదటి రోజు గెంతులన్నీ చెడగొట్టుకుని 17వ స్థానానికి పడిపోయాడు. రెండో రోజు ఆరు క్వాడ్‌లకు తెగించి 215.08 పాయింట్లు తెచ్చుకున్నాడు. ఆ రోజుకు అందరికంటే ఎక్కువ అతనివే, అయినా మొత్తం మీద అయిదో స్థానం. స్వర్ణం హన్యుది. మూడు నెలల ముందు క్వాడ్ లట్జ్ ప్రాక్టీసులో చీలమండ దెబ్బతింటే, ఒలింపిక్స్‌లో అతను క్వాడ్ లట్జ్, క్వాడ్ లూప్ పక్కన పెట్టేశాడు. టో లూప్, సాల్కో రెండు రకాల క్వాడ్‌లనే అంత నిండుగా చేసి 317.85 పాయింట్లతో గెలిచాడు. వరుసగా రెండో ఒలింపిక్ స్వర్ణం. మగవాళ్లలో అంతకుముందు చివరిసారి అలా గెలిచింది 66 ఏళ్ల కింద, డిక్ బటన్.

ఆ వేసవిలో రూల్ మళ్లీ మారింది. క్వాడ్ లట్జ్ 13.6 నుంచి 11.5కు, టో లూప్ 10.3 నుంచి 9.5కు తగ్గాయి. చేసిన తీరుకు ఇచ్చే మార్కుల హద్దు మూడు మెట్ల నుంచి అయిదు మెట్లకు పెరిగింది. బాగా చేస్తే ఎక్కువ లాభం, చెడగొడితే ఎక్కువ నష్టం. క్వాడ్‌లు తగ్గుతాయని చాలామంది అనుకున్నారు, తగ్గలేదు. 2022 బీజింగ్‌లో చెన్ ఫ్రీ స్కేట్‌లో అయిదు క్వాడ్‌లతో స్వర్ణం గెలిచాడు. హన్యు క్వాడ్ యాక్సెల్‌కు తెగించి పడి, నాలుగో స్థానంలో ఆగిపోయాడు. ఏడు నెలలు తిరిగేసరికి, అదే యాక్సెల్‌ని 17 ఏళ్ల ఇల్యా మాలినిన్ లేక్ ప్లాసిడ్‌లో దిగి చూపించాడు.

ఇంకో పక్క అమెరికా స్కేటర్ జేసన్ బ్రౌన్ ఉన్నాడు. ఒక్క క్వాడ్ లేకుండా బీజింగ్‌లో ఆరో స్థానం, 2023, 2024 ప్రపంచ పోటీల్లో అయిదో స్థానం. అతని స్కేటింగ్ చూస్తూ మా అక్క వంటింట్లోంచి వచ్చి నిలబడిపోయింది. అంత బాగుంటుంది. కానీ అయిదో స్థానం దగ్గరే ఆగిపోయింది. కాబట్టి మావాడి ప్రశ్నకు ఇవాళ్టి జవాబు ఇది: క్వాడ్ లేకుండా మొదటి ఆరుగురిలోకి రావచ్చు, స్వర్ణం మాత్రం దాదాపు కుదరదు. క్వాడ్‌లున్నంత మాత్రాన గెలుస్తామని కూడా లేదు.

ఈ లెక్కల్లో కనబడనిది ఒంటి మీద పడే భారం. ప్లుషెంకో 2014 సోచిలో వెన్ను నొప్పితో వార్మప్‌లోనే తప్పుకున్నాడు. చెన్‌కు 2016లోనే తుంటి ఆపరేషన్ అయింది, అప్పటికి అతనికి పదహారేళ్లు. అందుకే మావాడి కోచ్‌ని కలిసి, ఇంకో చుట్టు కోసం తొందరపెట్టొద్దు, ముందు చీలమండ, మోకాలు గట్టిపడనివ్వండి అని బతిమాలుకున్నాను. ఆయన సరేనన్నాడు.

మొన్న వెళ్లేసరికి మావాడు కోర్టు మీద సుద్దముక్కతో అడ్డంగా గీత గీసుకుని ఉన్నాడు. ఒక్క చుట్టు గెంతు అది. ఎగిరాడు, దిగాడు. "మామా, ఫోన్ల చూడు, చక్రం గీత మీద పడ్డదా, ఇవతల పడ్డదా?" అన్నాడు. ఇద్దరం కూర్చుని వీడియో ఆపి చూశాం. పావు చుట్టు ఇవతలే పడింది. సుద్దముక్క జేబులో వేసుకుని మళ్లీ వెనక్కి వెళ్లాడు.