టీడీఎస్ మీటరుకు ఫ్లోరైడ్ ఎందుకు కనపడదు

"మా ఆర్‌వో నీళ్లలో మీటరు పెడితే 180 చూపించింది. ఫ్లోరైడ్ పోయినట్టేనా?"

నల్లగొండ జిల్లా మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి వైపు బోరు నీళ్లకు ఆర్‌వో బిగించుకున్న ఇళ్లలో తరచూ వినపడే ప్రశ్న ఇది. ఆ 180ని బట్టి ఏమీ చెప్పలేం. పోయి ఉండొచ్చు, గ్లాసులోనే ఉండి ఉండొచ్చు కూడా. జేబులో పెన్నులా పెట్టుకునే టీడీఎస్ మీటరు (టీడీఎస్ అంటే నీళ్లలో కరిగి ఉన్న పదార్థాల మొత్తం) మంచి పనిముట్టే. రెండు మూడు వందల రూపాయలకు దొరుకుతుంది, జాగ్రత్తగా వాడితే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. కానీ అది కొలిచేది ఒకటి, నల్లగొండ జిల్లాలో జనం దానితో తెలుసుకోవాలనుకునేది ఇంకొకటి.

మీటరు కొనలో రెండు లోహపు పుల్లలుంటాయి. వాటిని నీళ్లలో ముంచగానే మధ్యలో కొద్దిపాటి వోల్టేజి పెట్టి ఎంత కరెంటు పారుతుందో చూస్తుంది. ఆ వోల్టేజిని ఒకే దిక్కుకు ఉంచితే పుల్లల చుట్టూ అయాన్లు పేరుకుపోయి రీడింగు జారిపోతుంది. అందుకే ఏసీ కరెంటులాగా దాని దిక్కును మారుస్తూ ఉంటుంది. కరెంటును మోసేవి నీళ్లలో కరిగిన సోడియం, కాల్షియం, మెగ్నీషియం, క్లోరైడ్, సల్ఫేట్, బైకార్బొనేట్ లాంటి అయాన్లు. నికరంగా కొలిచేది ఈ వాహకతనే, సెంటీమీటరుకు ఇన్ని మైక్రోసీమెన్స్ అని. దాన్ని 0.5తోనో 0.7తోనో గుణించి, వచ్చిన అంకెను 'పీపీఎం' (లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు) అని తెర మీద వేస్తుంది. వాహకత 1000 ఉన్న నీళ్లలో ఒక కంపెనీ మీటరు 500 అంటే, ఇంకో కంపెనీది 700 అంటుంది. రెండూ బాగానే ఉన్నట్టు లెక్క. పక్కింటి మీటరుతో పోల్చి మనది పాడైందని పారేసేవాళ్లకు తెలియనిది ఈ గుణకమే. కొనేటప్పుడు మైక్రోసీమెన్స్ కూడా చూపించే మోడల్ అడగండి. ఆ అంకెలో గుణకం గొడవ ఉండదు.

ఇంట్లో పిల్లలకు ఒకటి చేసి చూపించొచ్చు. గ్లాసుడు ఆర్‌వో నీళ్లలో రెండు చెంచాల చక్కెర కలపండి, మీటరు దాదాపు కదలదు. ఇంకో గ్లాసులో చిటికెడు ఉప్పు వేయండి, వెయ్యి దాటుతుంది. చక్కెర అయాన్లుగా విడిపోదు కాబట్టి మీటరు లెక్కలో అది లేనట్టే. సూక్ష్మజీవులూ అంతే, పురుగుమందుల అవశేషాలూ చాలావరకు అంతే. పదో తరగతి పిల్లలు బీకరులో రెండు మేకులు పెట్టి ఆమ్లానికి బల్బు వెలుగుతుంది, గ్లూకోజుకు వెలగదు అని రాసుకునే ప్రయోగం సరిగ్గా ఇదే. బల్బు బదులు అంకె వస్తుంది, అంతే తేడా. ఆ పాఠం రోజున సైన్సు మాస్టార్లు ఒక టీడీఎస్ మీటరు బల్ల మీద పెడితే, ఆ ప్రయోగం పిల్లలతో పాటు ఇంటికి పోతుంది.

ఇప్పుడు ఫ్లోరైడ్ దగ్గరికి వద్దాం. ఫ్లోరైడ్ కూడా అయానే కదా, మీటరుకు ఎందుకు దొరకదు?

మిర్యాలగూడ రైసు మిల్లుల దగ్గర ధర్మకాంటా ఎక్కిన వడ్ల లారీని తీసుకోండి. మొత్తం 400 బస్తాలు. కాంటా బరువు చెబుతుంది, ఏ బస్తాలో ఏముందో చెప్పదు. మన బోరు నీళ్లలో లీటరుకు 800 మిల్లీగ్రాముల లవణాలు, అందులో 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్నాయనుకుందాం. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటుంది. అంటే 2 హద్దు దాటిన నీళ్లే. కానీ 800లో 2 అంటే 400 బస్తాల లారీలో ఒక్క బస్తా.

ఆ ఒక్క బస్తాను కాంటా పట్టగలదా? 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్, దానికి జతగా ఉండే సోడియంతో కలిపి లెక్కిస్తే వాహకతకు 11 మైక్రోసీమెన్స్ కలుపుతుంది. గుణకాన్ని బట్టి మీటరు మీద అది 5 నుంచి 8 పీపీఎం, అంటే మూడు నాలుగు బస్తాలు. మీటరు డబ్బా వెనక 'ఖచ్చితత్వం ±2 శాతం, ఫుల్ స్కేల్' అని ఉంటుంది. ఇది చూపించిన అంకెలో 2 శాతం కాదు, మీటరు కొలవగల గరిష్ఠంలో 2 శాతం. 999 దాకా కొలిచే మీటరుకు ఇది ±20, అంటే పది బస్తాలు అటూ ఇటూ. 9990 దాకా కొలిచేదానికి ఒకే గరిష్ఠం లెక్క అయితే ±200, అంటే వంద బస్తాలు. పది బస్తాలు తప్పు తూచే కాంటా మీద మూడు నాలుగు బస్తాలను వెతకడమే ఇది. పైగా ఆ మూడు నాలుగు బస్తాల బరువు పెరిగింది ఫ్లోరైడ్ వల్లనా, పెరట్లో పోసిన సబ్బు నీళ్లు బోరులోకి దిగడం వల్లనా అన్నది ఎంత మంచి కాంటా అయినా చెప్పలేదు.

ఇంకో చిత్రం ఉంది. ఆ చెడ్డ బస్తాను దింపేసి, మంచి బస్తాలు ఓ యాభై ఎక్కిస్తే లారీ బరువు పెరుగుతుంది. నల్లగొండ పేరుతోనే ప్రపంచమంతా తెలిసిన ఫ్లోరైడ్ తొలగింపు పద్ధతిలో జరిగేది ఇదే. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో రూపొందించిన ఈ నల్లగొండ పద్ధతిలో నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలిపి తిప్పుతారు. పటిక నుంచి వచ్చే అల్యూమినియం హైడ్రాక్సైడ్ తెట్టుగా కట్టి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కు దిగుతుంది. పైన తేరిన నీళ్లను వడకడతారు. ఫ్లోరైడ్ తగ్గుతుంది. కానీ లీటరుకు వందల మిల్లీగ్రాముల పటిక పడడంతో నీళ్లలో సల్ఫేట్ పెరుగుతుంది, దాంతో టీడీఎస్ కూడా పెరిగే వీలుంది. మీటరును నమ్మేవాళ్లు శుద్ధి చేసిన నీళ్లను పారబోసి పాత నీళ్లనే తాగాలి మరి! యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టరులో ఫ్లోరైడ్ పోయినా అంకె పెద్దగా మారదు. బోరు నీళ్లను బాగా మరిగిస్తే గిన్నె అడుగున తెల్లటి పొర కట్టి అంకె కొంచెం తగ్గవచ్చు కూడా. ఫ్లోరైడ్ మాత్రం ఆవిరైపోదు, మిగిలిన తక్కువ నీళ్లలో చిక్కబడుతుంది.

సబ్బు బాగా నురగ వస్తే మంచి నీళ్లనే నమ్మకం కూడా మన దగ్గర పనికిరాదు. ఇక్కడి గ్రానైటు రాళ్లలో ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ లాంటి ఖనిజాలున్నాయి, ఫ్లోరైడ్ వచ్చేది వాటి నుంచే. నీళ్లలో కాల్షియం ఎక్కువుంటే అది ఫ్లోరైడ్‌ను కాల్షియం ఫ్లోరైడ్‌గా బంధించి కరగనీయకుండా కొంత అడ్డుకుంటుంది. కాల్షియం తక్కువ, సోడియం బైకార్బొనేట్ ఎక్కువ ఉన్న నీళ్లలో ఆ అడ్డు ఉండదు. కాల్షియం తగ్గిన నీళ్లు మెత్తగా ఉంటాయి, సబ్బు చక్కగా నురగ వస్తుంది. ఫ్లోరైడ్‌కు ఇష్టమైనవి ఈ మెత్తటి నీళ్లే.

మళ్లీ ఆ 180కి వద్దాం. చాలా ఆర్‌వోలలో టీడీఎస్ కంట్రోలర్ అనే చిన్న స్క్రూ ఉంటుంది. నీళ్లు చప్పగా ఉన్నాయని అంటే మెకానిక్ దాన్ని తిప్పుతాడు. అప్పుడు లవణాలను ఆపే ఆర్‌వో పొర (మెంబ్రేన్) గుండా రాని నీళ్లు కొన్ని పక్కదారిన వచ్చి శుద్ధమైన నీళ్లలో కలుస్తాయి. బోరు టీడీఎస్ 1000, ఫ్లోరైడ్ 4 అనుకుందాం. పొర దాటి వచ్చిన నీళ్లలో టీడీఎస్ 50, ఫ్లోరైడ్ 0.3. ఇప్పుడు స్క్రూ తిప్పి అంకెను 240కి తెచ్చారు. 1000కీ 50కీ తేడా 950, అందులో 190 పెంచారంటే ఐదో వంతు బోరు నీళ్లే కలిపారన్నమాట. అప్పుడు ఫ్లోరైడ్: 4లో ఐదో వంతు 0.8, మిగతా నాలుగు వంతుల నుంచి 0.24. మొత్తం 1.04. ఐఎస్ హద్దు దాటింది. 240 మాత్రం చూడముచ్చటగా ఉంది. ఫ్లోరైడ్ బోరు ఉన్న ఇంట్లో ఆ స్క్రూను పూర్తిగా మూసేయించాలన్నది నా గట్టి అభిప్రాయం. చప్పదనానికి మినరల్ కార్ట్రిడ్జి ఉంది.

మీటరు నిజంగా పనికొచ్చేది ఆర్‌వో పొర ఆరోగ్యం చూడటానికి. కంట్రోలర్ మూసి, లోపలికి వచ్చే నీళ్లు, బయటకు వచ్చే నీళ్లు రెండూ కొలవండి. లోపల 1000, బయట 60 అయితే 94 శాతం ఆపుతోంది, బాగుంది. అదే బయట 200కి పెరిగితే పొర పాడైందో, ఓ-రింగు దగ్గర లీకు ఉందో చూడాలి. రాత్రంతా ఆగిన మిషన్ నుంచి మొదట వచ్చే నీళ్లు ఎప్పుడూ ఎక్కువే చూపిస్తాయి. అయిదు నిమిషాలు పోనిచ్చి కొలవాలి.

కొలిచేటప్పుడు జరిగే పొరపాట్లలో అతి పెద్దది ×10 గుర్తును చూడకపోవడం. చాలా మీటర్లు 999 దాటగానే అంకెను పదో వంతు చేసి మూలన ×10 అని వెలిగిస్తాయి. 1350 ఉన్న నీళ్లకు తెర మీద 135 వస్తుంది. దాన్ని చూసి బోరు నీళ్లు మినరల్ వాటర్‌లా ఉన్నాయనుకునే ప్రమాదం ఉంది. రెండోది వేడి. నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కితే వాహకత సుమారు 2 శాతం పెరుగుతుంది. మే నెలలో మిద్దె మీది ట్యాంకు నీళ్లు 40 డిగ్రీలుంటే, 25 డిగ్రీల లెక్కకన్నా 30 శాతం ఎక్కువ: 600 కాస్తా 780. ఏటీసీ అని రాసి ఉన్న మీటర్లు దీన్ని సరిచేస్తాయి, కానీ లోపలి సెన్సారు నీళ్ల వేడికి చేరేదాకా అర నిమిషం ఆగాలి. స్టీలు గ్లాసులో పుల్లలు అడుగుకు, గోడకు ఆనితే కరెంటు లోహం గుండా పోతుంది కాబట్టి గాజు గ్లాసో ప్లాస్టిక్ గ్లాసో వాడండి. ముంచాక ఒకసారి విదిలిస్తే పుల్లల మధ్య ఇరుక్కున్న గాలిబుడగ పోతుంది. మన నీళ్లకు పుల్లల మీద తెల్లటి గార పడుతుంది, పడితే అంకె తక్కువ వస్తుంది. నెలకోసారి వెనిగర్‌లో పది నిమిషాలు నానబెట్టి ఆర్‌వో నీళ్లతో కడగండి, గుడ్డతో రుద్దొద్దు. అంకె నిలవకుండా ఊగుతుంటే ముందు బటన్ సెల్స్ మార్చి చూడండి.

మీటరు సరైనదో కాదో ఇంట్లోనే చూసుకోవచ్చు. వంటింటి త్రాసు ఒక గ్రాము అటూ ఇటూ పోతుంది కాబట్టి నేరుగా 1 గ్రాము ఉప్పు తూచొద్దు. పొడిగా ఉన్న ఉప్పు 50 గ్రాములు డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి మొత్తం లీటరు చేయండి. మందుల షాపులో దొరికే సిరంజితో అందులోంచి 20 మిల్లీలీటర్లు తీసి, ఇంకో 980 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కలపండి. ఇప్పుడు లీటరుకు 1 గ్రాము ఉప్పు ఉంది. 25 డిగ్రీల దగ్గర వాహకత సుమారు 2000 రావాలి. 0.5 గుణకం మీటరు 1000 దగ్గర, 0.7ది 1400 దగ్గర ఆగాలి. అయిదు శాతం తేడా ఉన్నా ఇంటి వాడకానికి సరిపోతుంది.

ఇంటింటికీ తిరిగి ఆర్‌వోలు అమ్మేవాళ్లు చేసే ఒక ప్రదర్శన గురించి చెప్పకుండా ఉండలేను. మీ నల్లా నీళ్లలో, వాళ్ల ఆర్‌వో నీళ్లలో లోహపు కడ్డీలు పెట్టి కరెంటు ఇస్తారు. నల్లా నీళ్లు నిమిషంలో గోధుమరంగు బురదగా మారతాయి, వాళ్లవి తేటగా ఉంటాయి. "ఇదండీ మీరు తాగుతున్న విషం" అంటారు. ఆ బురద నీళ్లలోది కాదు. కరెంటు పారినందుకు ఇనప కడ్డీ కరిగి తుప్పుగా మారింది. ఆర్‌వో నీళ్లలో లవణాలు లేవు కాబట్టి కరెంటు పారలేదు, కడ్డీ కరగలేదు. వాళ్ల గ్లాసులోనే చిటికెడు ఉప్పు వేసి మళ్లీ పెట్టమనండి, అదే బురద వస్తుంది. నీళ్ల భయం పట్టుకున్న ఊళ్లలో ఆ భయాన్నే అమ్ముకోవడం అన్యాయం.

ఫ్లోరైడ్ కొలవాలంటే ఫ్లోరైడ్‌నే చూసే సాధనం కావాలి. ల్యాబుల్లో లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికం బిగించిన ఎలక్ట్రోడ్ ఉంటుంది. ఆ స్ఫటికంలోంచి ఫ్లోరైడ్ అయాన్లు మాత్రమే కదలగలవు. ఫ్లోరైడ్ పది రెట్లు మారితే వోల్టేజి 59 మిల్లీవోల్టులు మారుతుంది. ఊళ్లలో వాడే కిట్లలో జిర్కోనియం, ఒక రంగు పదార్థం కలిసిన ద్రావణం ఉంటుంది. ఫ్లోరైడ్ జిర్కోనియంను లాగేసుకునే కొద్దీ ఎరుపు వెలిసి పసుపవుతుంది. రంగును పగటి వెలుతురులోనే చార్టుతో పోల్చాలి, బల్బు వెలుతురులో పసుపు మోసం చేస్తుంది. పటికతో శుద్ధి చేసిన నీళ్లను పరీక్షకు ఇస్తుంటే ఆ మాట ల్యాబుకు ముందే చెప్పండి. నీళ్లలో మిగిలిపోయిన అల్యూమినియం, ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచి, లేనట్టు చూపించగలదు.

శాంపిల్‌కు గాజు సీసా వద్దు, లీటరు ప్లాస్టిక్ సీసా వాడండి. బోరు పది నిమిషాలు నడిచాక, అవే నీళ్లతో సీసాను మూడుసార్లు కడిగి నింపండి. ఆర్‌వో నీళ్లకు ఇంకో సీసా. రెండింటికీ ఫ్లోరైడ్‌తో పాటు టీడీఎస్ కూడా రాయించుకుని, ఆ అంకెలు మార్కరుతో ఆర్‌వో పక్కన గోడ మీద రాసిపెట్టండి. బోరు అదే ఉన్నంత కాలం, పైన చెప్పిన ఐదో వంతు లెక్కలాగే, మీటరు అంకెను బట్టి ఎంత బోరు నీళ్లు కలుస్తున్నాయో అంచనా కట్టొచ్చు. వానలకు భూగర్భ జలం మారుతుంది కాబట్టి మే చివర ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి మళ్లీ పరీక్ష చేయించి గోడ మీది అంకెలు దిద్దుకోవాలి.