మీరు కట్టే కథలో మనిషి నడవాలి

పిల్లలూ,

ఆశీస్సులు. బ్లాకులు పేర్చి ఏదైనా కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ ఆటలో కథల మ్యూజియం కడతామని మీరు రాసింది చదివి చాలా సంతోషించాను. ప్లానులో నాకు నచ్చనిది ఒకటే, అది ముందే చెప్పేస్తాను. పొడవాటి హాలు, రెండు పక్కలా గోడలు, గోడల నిండా బోర్డులు, బోర్డుల నిండా రాతలు! చదవడానికే అయితే అంత కష్టపడి కట్టడం ఎందుకమ్మా, ఒక పేజీ రాసి పంపితే కూచుని చదువుకుంటారు కదా. అలాంటి లోకంలో వచ్చినవాళ్లు వేసే అడుగు, తాకే వస్తువు, తీసే తలుపు, ఇవే కథని నడిపించాలి.

సెకండ్ లైఫ్ అని 2003లో అమెరికాలో లిండెన్ ల్యాబ్ అనే కంపెనీ మొదలుపెట్టిన కంప్యూటర్ లోకం ఒకటుంది. గెలవడం, ఓడడం అంటూ ఏమీ ఉండవు, అవతార్ (తెర మీద మన బదులు తిరిగే బొమ్మ) వేసుకుని తిరగడం, నచ్చింది కట్టుకోవడం, కనపడినవాళ్లతో మాట్లాడటం, అంతే. అందులో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ క్యాంపస్‌కి చెందిన సైకియాట్రిస్టు పీటర్ యెల్లోలీస్ ఒక భవనం కట్టించారు. స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉన్నవాళ్లకి లేనివి కనపడతాయి, వినపడతాయి అని పుస్తకంలో చదివి మనం తల ఊపి ఊరుకుంటాం. ఇక్కడ మాత్రం మీరు మామూలుగా నడుస్తూ ఉంటారు, గోడ మీద పోస్టర్ ఉంటుంది, దగ్గరికి వెళ్లేసరికి దాని మీది మాటలు తిట్లుగా మారిపోతాయి. టీవీలో ఎవరో ఉపన్యాసం ఇస్తుంటారు, ఉన్నట్టుండి ఆయన మిమ్మల్నే తిట్టడం మొదలుపెడతాడు. ఇంకో చోట కాళ్ల కింద నేల జారిపోయి, మబ్బుల మీద రాళ్లు మాత్రం మిగులుతాయి, వాటి మీద అడుగేసుకుంటూ దాటాలి. ఇదంతా ఎవరో కూచుని ఊహించింది కాదు, ఆ జబ్బు అనుభవిస్తున్నవాళ్లని అడిగి, వాళ్లు చెప్పినదాన్ని బట్టి తయారుచేశారు. వెనకాల ఉన్న కిటుకు చిన్నదే: మనిషి దగ్గరికి వస్తే ఇది చెయ్యి అని వస్తువులో ఒక స్క్రిప్ట్ రాసి పెడతారు. కానీ ఏ వస్తువుకి రాయాలి, ఎన్ని అడుగుల తర్వాత రాయాలి అన్నది తెలియాలంటే కథ చెప్పడం వచ్చి ఉండాలి. (ఇది పెద్దవాళ్ల కోసం కట్టింది, మీకు చూపించాలని కాదు, పద్ధతి తెలియాలని చెబుతున్నాను.)

అదే సెకండ్ లైఫ్‌లో అమెరికాలోని వాసార్ కాలేజీ వాళ్లు 2007లో వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్‌ని, అదే కప్పు మీద మైకెలాంజెలో బొమ్మలున్న ప్రార్థనా మందిరాన్ని, కట్టారు. లేపాక్షిలో కప్పు మీది బొమ్మలు చూసి మెడ పట్టేసినవాళ్లకి దాని విలువ తెలుస్తుంది, ఎందుకంటే అక్కడ అవతార్ ఎగరగలదు, నేరుగా పైకి వెళ్లి మైకెలాంజెలో బొమ్మ ముందు నిలబడే వీలుండేది.

మీ మైన్‌క్రాఫ్ట్‌లోనే ఉన్నది ఇంకోటి, నాకు అన్నిటికన్నా గౌరవం దాని మీద. 2020 మార్చి 12న రిపోర్టర్స్ వితౌట్ బార్డర్స్ అనే పత్రికా స్వేచ్ఛ సంస్థ తెరిచిన అన్‌సెన్సార్డ్ లైబ్రరీ. 16 దేశాల నుంచి 24 మంది కలిసి కోటీ పాతిక లక్షల బ్లాకులతో కట్టారు. సౌదీ అరేబియా, రష్యా, ఈజిప్టు, వియత్నాం, మెక్సికో దేశాలకి మొదట్లో గదులు పెట్టారు. కొన్ని దేశాల్లో వార్తల సైట్లు మూసేస్తారు, ఆట మాత్రం తెరుచుకుంటుంది, అందుకని ఆ ఆపేసిన వ్యాసాలనే ఆటలో పుస్తకాలుగా పెట్టేశారు. 2018లో ఇస్తాంబుల్‌లో తన దేశ కాన్సులేట్‌లోకి వెళ్లి ప్రాణంతో తిరిగి రాని సౌదీ విలేఖరి జమాల్ ఖషోగ్గీ రాతలు అక్కడున్నాయి. మెక్సికో గదిలో హత్యకు గురైన విలేఖరుల స్మారకాలున్నాయి. ఇక్కడా చదవాల్సిందే కదా పెద్దమ్మా అంటారేమో. నిజమే, కానీ ఏ దేశం గదిలో నిలబడి, ఎవరు పోయాక మిగిలిన పుస్తకం తీస్తున్నారో తెలిసి తీస్తారు. బోర్డు ముందు నుంచి నడిచిపోవడం వేరు, ఇది వేరు.

ఇంకో మంచి పని చేశారు వాళ్లు: ఆ మ్యాపు, అంటే కట్టిన లోకం మొత్తం, ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ఒక సర్వర్ ఆపేసినా కాపీలు మిగులుతాయి. సెకండ్ లైఫ్‌లో అలా కాదు, స్థలానికి నెలనెలా డబ్బు చెల్లించాలి, చెల్లించడం మానేస్తే ఆ స్థలం పోతుంది, కట్టింది అక్కడ నిలవదు. మీరు కూడా వారానికోసారి కాపీ తీసి వేరే చోట దాచండి, బద్ధకించకండి.

ఇప్పుడు మీ కథ సంగతి. మొదట అమరావతి శిల్పాల్లో నలగిరి ఏనుగుని తీసుకోండి, రాజగృహం ఊళ్లో బుద్ధుడి మీదికి వదిలిన మదపుటేనుగు అది, ఆ ఫలకం చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉంది. గుండ్రటి ఒకే రాతిలో ఏనుగు రెండుసార్లు కనపడుతుంది, ఒక పక్క వీధిలో జనాన్ని తొక్కేస్తూ, ఇంకో పక్క బుద్ధుడి ముందు వంగి. పైన కిటికీల్లోంచి చూస్తున్నవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లని వదిలెయ్యకండి. రాజగృహం వీధి కట్టండి, దూరంగా ఏనుగుని నిలబెట్టండి. వచ్చినవాళ్లు వెనక్కి తగ్గితే ఏనుగు ఇంకాస్త దగ్గరికి రావాలి, ముందుకు అడుగేస్తే మోకాళ్ల మీద వంగాలి. దారిలో ప్రెషర్ ప్లేట్లు (కాలు పడగానే పనిచేసే పలకలు) పెట్టి, కమాండ్ బ్లాకులతో (రాసిపెట్టిన ఆజ్ఞ నడిపే బ్లాకులు) ఒక ఏనుగుని తీసేసి ఇంకో ఏనుగుని పెట్టడం మీకు నాకన్నా బాగా వచ్చు. బోర్డు మాత్రం ఒక్కటి కూడా వద్దు. అయ్యాక ఆ కథ తెలియని పిల్లని ఎవరినైనా లోపలికి పంపి, బయటికి వచ్చాక ఏం జరిగిందో చెప్పమనండి, తను చెప్పింది ఉన్నదున్నట్టు నాకు రాసి పంపండి.

మీ పెద్దమ్మ