మునిగిన హెలికాప్టర్‌లో ఊపిరి: 2013లో వచ్చిన మలుపు

సముద్రంలో హెలికాప్టర్ కూలిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ విశాఖపట్నంలో పాత వాదన మళ్లీ మొదలవుతుంది. ఐఎన్‌ఎస్ డేగా నుంచి నౌకాదళ హెలికాప్టర్లు ఎగిరే ఊరిది; కృష్ణా–గోదావరి బేసిన్‌లో సముద్రం మీదున్న చమురు, గ్యాస్ రిగ్గులకు వెళ్లే వారి కుటుంబాలూ ఇక్కడ ఉన్నాయి. ప్రయాణికుడికి లైఫ్ జాకెట్ చాలా, నీటి అడుగున ఊపిరి అందించే చిన్న సీసా కూడా తప్పనిసరా? జాకెట్ చాలనేవారు చెప్పేది ఒకటే: మనది చల్లని సముద్రం కాదు, ఊపిరి బిగబట్టి బయటపడవచ్చు.

నీటి అడుగున ఊపిరి అందించే ఈ పరికరాలు మొదట సైనికులకు, తర్వాత చమురు కార్మికులకు చేరాయి. అసలు మలుపు 2013 ఆగస్టు 23న బ్రిటన్‌కు ఉత్తరాన షెట్లాండ్ దీవుల్లోని సంబర్గ్ దగ్గర వచ్చింది. చమురు కార్మికులతో వస్తున్న సూపర్ ప్యూమా హెలికాప్టర్ విమానాశ్రయానికి చేరువలో నీటిలో పడింది. ఇంజిన్లు, గేర్‌బాక్స్ బరువంతా పైభాగంలోనే ఉండే యంత్రం కావడంతో తలకిందులైంది. 18 మందిలో నలుగురు చనిపోయారు.

ప్రయాణికుల ఒంటి మీద ఊపిరి సంచి ఉన్న జాకెట్లున్నాయి. పాత రకం సంచిలో మనం వదిలిన గాలినే మళ్లీ పీల్చుకోవాలి. మునిగేలోపు గుండెల నిండా గాలి తీసుకోకపోతే అది వృథా. వారికి ఇచ్చిన రకం వేరు. నీరు తగిలితే దానంతట అదే విడుదలయ్యే గాలి అందులో ఉంది. ఆ సంగతి ప్రయాణానికి ముందు చూపే వీడియోలో లేదని బ్రిటన్ దర్యాప్తు అధికారులు గుర్తించారు. తలకిందులుగా మునిగి, ‘ముందుగా గాలి పీల్చుకోలేదు, ఇక ఇది పనికిరాదు’ అనుకునే మనిషి స్థితి ఏమిటి? ఛాతీ మీదే గాలి ఉండగా!

2014 ఫిబ్రవరిలో బ్రిటన్ పౌర విమానయాన సంస్థ, మునిగాక కూడా నోట పెట్టుకోగల పరికరం కావాలని పట్టుబట్టింది. చమురు రంగం నెలల్లోనే గాలి సీసాలకు మారింది.

ఇక వెచ్చని సముద్రం మాట. కెనడా పరిశోధకులు 25 డిగ్రీల నీటిలో పరీక్షిస్తే సగం మంది 37 సెకన్లకు మించి ఊపిరి బిగబట్టలేకపోయారు. 18 సీట్ల హెలికాప్టర్ నమూనా నుంచి బయటపడడానికి పట్టిన కాలం 28 నుంచి 92 సెకన్లు. అవి కొలనులో తీసిన లెక్కలు. కిటికీ పక్కవాడు వెళ్లేదాకా చీకట్లో ఆగాల్సిన మనిషికి ఆ 92 సెకన్లు ఎక్కడి నుంచి వస్తాయి? అరేబియా సముద్రంలోని చమురు క్షేత్రం ముంబై హై దగ్గర 2022 జూన్ 28న హెలికాప్టర్ సముద్రంలో దిగినప్పుడు 9 మందిలో నలుగురిని కోల్పోయాం. అదీ వెచ్చని సముద్రమే.

సీసాపై ఇంకో భయం ఉంది, అది నిజమైనదే: ఒత్తిడితో నింపిన గాలి పీల్చి, ఊపిరి వదలకుండా పైకి వస్తే మీటరు లోతు నుంచైనా ఊపిరితిత్తులు దెబ్బతినవచ్చు. అందుకు మందు శిక్షణే. నౌకాదళ వైమానికులు కొచ్చిలో మునిగే క్యాబిన్‌లో సాధన చేస్తారు. రిగ్గుకు వెళ్లే వెల్డరుకూ, వంటవాడికీ కొలనులో ఆ సాధన కావాలి. ఎక్కే ముందు చూపే వీడియో తెలుగులో ఉండాలి: సీసాలో గాలి ఉంది, మునిగాక కూడా నోట పెట్టుకోవచ్చు, పైకి వచ్చేటప్పుడు ఊపిరి వదులుతూ రండి.