నాలుకకు తెలియని సీసం

గోదావరి లంకల్లో, కాలువ గట్ల మీద పెరిగినవారికి సీసం పరాయి లోహం కాదు. విసురు వల అంచున వేలాడే గుండ్లు సీసపువే. గేలానికి కట్టే చిన్న గుండును పంటితో నొక్కి బిగించేవారూ ఉన్నారు. ఇంత చనువున్న లోహం తాగే నీళ్లలోనూ ఉండవచ్చన్న ఊహ మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయారు. బాధితుల రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనబడ్డాయని ఢిల్లీ ఎయిమ్స్ చెప్పడంతో ఆ మాట ఇంటింటికీ చేరింది. కొద్ది రోజులకే అనుమానం పురుగుమందుల అవశేషాల వైపు మళ్లింది, సీసం ఊసు సద్దుమణిగింది. ఇంటి గొట్టాల గురించి ఆ రోజుల్లో నాకైతే పెద్దగా ఏమీ వినబడలేదు.

నీటి విషయంలో డెల్టా భయాలు వేరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలే పొలానికీ గొంతుకీ దిక్కయ్యాయి. సముద్రం దగ్గరి ఊళ్లలో బావి తవ్వితే ఉప్పునీరే పడుతుంది. అందుకే కాలువ నీటిని మంచినీళ్ల చెరువుకు పెట్టుకుని, వేసవిలో కాలువలు కట్టేసినన్నాళ్లూ వాటితోనే గడుపుకునేవారు. కావిడితో మోసుకొచ్చి కాగులో పోసి, ఇండుపగింజ అరగదీసి కలిపితే ఒండ్రు అడుగుకు దిగేది. కలరా భయం ఉన్నప్పుడు కాచి తాగేవారు. బురదను కన్ను పట్టేది, ఉప్పును నాలుక పట్టేది, రోగాన్ని కడుపు పట్టేది. సీసం ఈ మూడింటికీ చిక్కదు. కాచినా పోదు సరికదా, నీరు ఆవిరైన మేరకు చిక్కబడుతుంది.

ప్రపంచానికి ఇది పాత తగవు. రోమన్లు సీసాన్ని ప్లంబమ్ అన్నారు. మన ప్లంబర్ పేరులో ఉన్నది ఆ లోహమే. సీసపు గొట్టం కన్నా మట్టి గొట్టం నీరే ఆరోగ్యమని రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ రెండు వేల ఏళ్ల కిందటే రాశాడు. విన్నవారు తక్కువ. వంగుతుంది, తుప్పు పట్టదు, అతకడం సులువు: పనివాడికి ఇంతకన్నా ఏం కావాలి? అమెరికా 1986లో గానీ కొత్త సీసపు గొట్టాలను నిషేధించలేదు. పాతవి నేలలోనే ఉండిపోయాయి. 2014లో అక్కడి ఫ్లింట్ నగరం డబ్బు ఆదా కోసం కుళాయి నీటిని స్థానిక నది నుంచి తీసుకోవడం మొదలుపెట్టింది. గొట్టాన్ని తినేయకుండా నీటిలో కలపవలసిన మందు కలపలేదు. ఆ నదిలో క్లోరైడ్లు ఎక్కువ. గొట్టాల లోపల ఏళ్లుగా పేరుకున్న రక్షణ పొర కరిగి, సీసం ఇళ్లలోకి వచ్చింది.

డెల్టా పల్లెలకు కుళాయి వచ్చేనాటికి గాల్వనైజ్డ్ ఇనుప గొట్టాల కాలం. కాబట్టి ఇక్కడ నేల తవ్వి సీసపు గొట్టాలు వెతికితే దొరికేది తక్కువ. సీసం వేరే రూపాల్లో వచ్చింది. పాతకాలపు పోత ఇనుప పైపుల కీళ్లలో జనపనార కూరి, కరిగిన సీసం పోసి బిగించేవారు. గాల్వనైజ్డ్ గొట్టం మీది జింకు పూతలోనూ కాస్త సీసం కలిసి ఉండేది. ఇత్తడి కుళాయిలో సీసం కలిపేది మరలు సులువుగా కోయడానికి. చిల్లు పడిన బిందెకు వేయించిన మాటులో తగరంతో పాటు కలిసేదీ అదే.

ఇక ప్లాస్టిక్ గొట్టం సంగతి. తుప్పు పట్టనిది, చవకైనది వచ్చిందని అందరం సంతోషించాం. పీవీసీని వేడి చేసి గొట్టంగా లాగేటప్పుడు అది విరిగి ఆమ్లం వదులుతుంది. దాన్ని ఆపడానికి మన దేశంలో చాలాకాలం సీసపు లవణాలనే కలిపారు. కొత్త గొట్టం లోపలి గోడ నుంచి అవి మొదట్లో ఎక్కువగా కడుక్కుపోతాయి. ఎండ తగిలే కొద్దీ మళ్లీ ఊరుతాయి. మన పెరళ్లలో, డాబాల మీద గొట్టాలు ఎలా పడి ఉంటాయో చెప్పనక్కరలేదు. ఈ సీసపు లవణాలకు కళ్లెం వేస్తూ కేంద్ర పర్యావరణ శాఖ నిబంధనలు తెచ్చింది 2021లో. అంతకు ముందు బిగించిన గొట్టాలు గోడల్లోనే ఉన్నాయి.

కాలువల చివర, సముద్రం దగ్గరి శివారు ఊళ్లకు మరో చిక్కు. నీటిలో సల్ఫేటు కన్నా క్లోరైడు ఎంత ఎక్కువైతే, సీసం కలిసిన అతుకులు అంత వేగంగా కరుగుతాయి. సముద్రపు ఉప్పు తగిలిన నీటికి ఆ గుణం ఉంది. రాత్రంతా గొట్టంలో నిలిచిన నీటిలో సీసం మరీ ఎక్కువ. తెల్లవారి మొదటి బిందె వంటకు పట్టడం మన ఇళ్లలో ఆచారం. ఆ బిందె మొక్కలకు పోయడం మేలు.

మన దేశపు తాగునీటి ప్రమాణంలో 1991లో లీటరుకు 0.05 మిల్లీగ్రాముల దాకా అనుమతించిన సీసాన్ని 2012లో 0.01కి దించారు. మింగిన సీసాన్ని పసిపిల్లల ఒళ్లు పెద్దల కన్నా నాలుగైదు రెట్లు పీల్చుకుంటుంది. కాల్షియం, ఇనుము తక్కువైన ఒంటికి ఇంకా ఎక్కువ పడుతుంది. సురక్షితమైన మోతాదు ఇదీ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పదు.

ప్రమాణం కాగితం మీద దిగింది కానీ, కొలిచే చోటు మారలేదు. రక్షిత మంచినీటి పథకం నీటిని ట్యాంకు దగ్గర పట్టి చూస్తే సీసం కనబడకపోవచ్చు. అది చేరేది ఆ తరువాతి గజాల్లో, ఇంటివాడు తన డబ్బుతో వేయించుకున్న గొట్టంలో. గ్రామాల్లో మహిళలకు నేర్పి ఇస్తున్న పరీక్ష కిట్లు క్లోరైడు, ఫ్లోరైడు, ఇనుము, నైట్రేటు వంటివి చూపిస్తాయి. రంగు మార్చి సీసాన్ని చూపే సీసా అందులో లేదు. దానికి ప్రయోగశాల యంత్రం కావాలి. అక్కడికి నమూనా పంపేవారు వంటింటి కుళాయి నుంచి, రాత్రంతా వాడకుండా ఉంచి, తెల్లవారి పడే మొదటి ధారనే పట్టి పంపాలి.